అరిగే రబ్బర్లు

మా వదిన శాంభవి గురించి ఎవరైనా అడిగితే నేను ముందు ఆవిడ సైకిలు గురించి చెప్తాను. విజయవాడ పటమటలో మా ఇంటి దగ్గర బయలుదేరి, యనమలకుదురు మీదుగా కృష్ణ కరకట్ట ఎక్కి, కట్ట కిందున్న ఓ ఊళ్లో హైస్కూలుకి రోజూ సైకిలు మీదే వెళ్తుంది. అక్కడ ఆవిడ ఫిజికల్ సైన్సు టీచరు. తోటి టీచర్లంతా స్కూటర్లకీ కార్లకీ ఎదిగిపోయారు. ఈవిడ మాత్రం ఎదగనంది. పటమట సెంటర్లో ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు వాళ్ల కార్ల పక్కనుంచి గంట కొట్టుకుంటూ వెళ్లిపోవడం ఆవిడకి రోజూ దొరికే చిన్న పండగ.

నేను సంయుక్తని. శాంభవి మా అన్నయ్య భార్య. ఒకే ఇంట్లో పై వాటాలో మేముంటాం, కింది వాటాలో వాళ్లూ మా అమ్మా ఉంటారు. ఆడపడుచుగా పుట్టాక వదినలో తప్పులు వెతకడం నా బాధ్యత కాబట్టి ఇన్నేళ్లుగా ఆ పని శ్రద్ధగానే చేశాను. దొరికినవి కొన్ని ఉన్నాయి. పట్టిన పట్టు వదలదు. కాఫీలో పంచదార మర్చిపోతుంది. ఎదుటివాళ్లు ఏదైనా చెప్తుంటే మధ్యలో "ఎందుకని?" అంటుంది. ఈ మూడో తప్పు భరించడం చాలా కష్టం.

ఆవిడది మైలవరం. పెళ్లయి కాపురానికి వచ్చిన రోజున బస్సు టాపు మీంచి సూట్‌కేసులతో పాటు ఓ సైకిలు కూడా దిగింది. మా అమ్మ దుర్గాంబ ఆ పూట కొత్తకోడలితో మాట్లాడలేదు. కోడలు వీధిలో సైకిలు తొక్కితే నలుగురూ ఏమనుకుంటారోనని దిగులు. ఆ నలుగురూ ఏమీ అనుకోలేదు. పైగా గ్యాసుబండ అయిపోయినా, మందులషాపుకి వెళ్లాల్సి వచ్చినా "శాంభవిగారూ, కాస్త మీ సైకిలూ..." అంటూ మా గేటు ముందుకే వచ్చేవాళ్లు. ఏడాది తిరిగేసరికి మా అమ్మ రైతుబజారులో ముక్కూమొహం తెలియని వాళ్లకి కూడా "మా కోడలు సైకిలు మీద బడికెళ్తుందండీ" అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ప్రతి దసరాకీ సైకిలు కడగడం, తుడవడం, బొట్లు పెట్టడం తనే చూసుకునేది. ఆ పనిలో ఎవరినీ వేలు పెట్టనిచ్చేది కాదు.

అసలు కథ కిందటేడాది దసరాకి ముందు మొదలైంది.

వదిన దగ్గర పదోతరగతి చదివిన దీవెన అనే పిల్ల ఆ జూన్‌లో జూనియర్ కాలేజీలో చేరింది. కట్ట మీద ఆ వేళకి బస్సు లేదు. వాళ్ల నాన్న ఫిలిప్ రోజూ తన మోపెడ్ మీద దింపి వచ్చేవాడు. ఇంతలో ఆయనకి హనుమాన్ జంక్షన్‌లో లారీ డ్రైవరుగా పని దొరికింది. మంచి పని, కానీ తెల్లవారకముందే వెళ్లిపోవాలి. తల్లి తెరేసమ్మ పొలం పనికి వెళ్తుంది. ఇక పిల్లని కాలేజీకి ఎవరు దింపాలి? దసరా సెలవలయ్యాక మానిపించేద్దామని ఇంట్లో అనుకున్నారట. ఈ మాట దీవెన వదినతో ఏడవకుండా చెప్పింది. ఏడ్చి ఉంటే వదిన ఓదార్చి ఊరుకునేదేమో. ఏడవలేదు కాబట్టి ఇంటికొచ్చి, తను తొక్కుతున్న సైకిలు ఆ పిల్లకి ఇచ్చేస్తున్నానని, తనకి వేరే కొనుక్కుంటానని ప్రకటించింది.

ఇంటి నుంచి ఒక వస్తువు ఇంకొకరింటికి వెళ్తోందంటే మా అమ్మకి కాలు నిలవదు. మన ఇంటి వస్తువు మన ఇంటి మర్యాద మోసుకెళ్లాలంటుంది. విజయదశమి నాడు ఆ సైకిలుకి జరిగిన సేవ నా పెళ్లిలో నాకు కూడా జరగలేదు. కడిగింది, తుడిచింది, పాత పంచెగుడ్డ కొబ్బరినూనెలో ముంచి హ్యాండిలు నుంచి మడ్‌గార్డు దాకా రుద్దింది. రిమ్ములు అద్దాల్లా మెరవాలని వాటికి రెండోసారి కూడా పట్టించింది. గంధం, కుంకుమ, బంతిపూలదండ. సాయంత్రం ఫిలిప్, దీవెన వచ్చి సైకిలు తీసుకెళ్తుంటే, గేటు దగ్గర నిలబడి ఆ మెరుపు వీధి మలుపు తిరిగేదాకా చూసింది.

కాలేజీ తెరిచిన రెండో రోజు మధ్యాహ్నం, వదిన బడికి ఇంకా సెలవలుండగానే, ఫిలిప్ సైకిలు నడిపించుకుంటూ మా ఇంటికి వచ్చాడు. బంతిపూలదండ బురదలో తడిసి ఎండి ముందు చక్రానికి అతుక్కుపోయి ఉంది.

"నిన్న సాయంత్రం పాప పడిందండీ మేడంగారూ," అన్నాడు. "ర్యాంపు దిగుతుంటే బ్రేకు పట్టలేదంట. తిన్నగా అరటితోటలోకి పోయింది. చెయ్యి బెణికింది. ఇంకా నయం, అరటితోట కాబట్టి సరిపోయింది."

కరకట్ట మీంచి ఊళ్లోకి దిగే వాలుని వాళ్లు ర్యాంపు అంటారు. ఏటవాలుగా దిగి, చివర్లో ఒక్కసారి ఎడమకి తిరుగుతుంది. తిరగలేకపోతే అరటితోట. తోట లేని చోట పంటకాలవ.

"నేను రోజూ దిగే వాలే కదండీ ఫిలిప్‌గారూ," అంది వదిన. "ఈ సైకిలే కదా."

"మీరు దిగుతారండీ. మా పాప దిగలేకపోయింది. మీ మాట కాదనట్లేదు గానీ, ఇంక సైకిలొద్దండి. చదువుకోకపోతే ఇంట్లో ఉంటది. కాలవలో పడితే ఎక్కణ్ణించి తెచ్చుకుంటానండీ పిల్లని?"

ఆయన వెళ్లిపోయాక వదిన సైకిలు పక్కన కింద కూర్చుని రిమ్ము మీద వేలు పెట్టి రాసింది. వేలు వాసన చూసుకుంది. బ్రేకు రబ్బరు గోటితో గీరి, అదీ వాసన చూసింది. నా వైపు తిరిగి వేలు నా ముక్కు దగ్గర పెట్టింది. కొబ్బరినూనె.

"చక్రం ఆగేది రబ్బరు రిమ్ముని పట్టుకుంటేనే సంయుక్తా. నూనె రాసిన చోట ఏం పట్టుకుంటుంది? రబ్బరు కూడా తాగేసింది."

"అమ్మకి చెప్పొద్దు," అన్నాను.

"ఎందుకని?"

చెప్పానుగా, ఈ ప్రశ్న భరించడం కష్టమని. అయినా ఆవిడ అత్తగారికి ఏమీ చెప్పలేదు. లోపలికి వెళ్లి, "అత్తయ్యా, కాసిని కుంకుడుకాయలు కొట్టిపెడతారా?" అని మాత్రం అడిగింది.

అమ్మ తలంటుకేమో అనుకుని, కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్లలో నానబెట్టి, చిక్కగా రసం పిండి తెచ్చింది. తెచ్చి, వదిన ఆ రసాన్ని సైకిలు చక్రానికి పోసి కొబ్బరిపీచుతో తోముతుంటే చూస్తూ నిలబడింది. తెల్లటి నురగ నల్లగా మారి కిందికి కారింది. అమ్మ తెలివి తక్కువ మనిషి కాదు. చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"నేనేనా?" అంది.

వదిన తలెత్తలేదు. "నూనె పెట్టి తలంటడం మర్చిపోయారు, అంతే అత్తయ్యా."

ఇంకొకరైతే గదిలోకి వెళ్లి తలుపేసుకునేవాళ్లు. మా అమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని కింద కూర్చుని వెనక చక్రం తనవైపు లాక్కుంది. వదిన వద్దంటున్నా వినకుండా నాలుగుసార్లు తోమి, ఎండలో పెట్టి, వేలితో రాసి చూసి, మళ్లీ తోమింది. ఆ పూట ఆవిడ అన్నం తిన్నట్టు నాకు గుర్తులేదు.

రిమ్ము సంగతి అలా తీరింది. రబ్బర్ల సంగతి మిగిలింది. నూనె తాగినవి ఎలాగూ పనికిరావు. కొత్తవి కొనాలి. రెండు జతల రబ్బర్లు కొనడానికి మా వదిన చేసిన హడావుడి అంతా ఇంతా కాదు; మా ఇంట్లో ఇంతకంటే తక్కువ హడావుడితో సంబంధాలు కుదిరాయి.

నా స్కూటీ మీద వన్‌టౌన్‌లో సైకిలు సామాన్ల కొట్టుకి బయలుదేరాం. వెనక సీట్లో కూర్చుని, నేను బ్రేకు వేయాల్సిన ప్రతిచోటా ఆవిడ నా భుజం నొక్కుతూనే ఉంది. సంచిలో ఒక పాత రిమ్ము ముక్క, నీళ్ల సీసా పెట్టుకొచ్చింది. కొట్టాయన నల్లగా నిగనిగలాడే రబ్బర్లు తీసి బల్ల మీద వేశాడు.

"ఇయ్యి తీసుకెళ్లండి మేడం. అందరూ ఇయ్యే అడుగుతారు. ఏళ్ల తరబడి అరగవు."

"ఎందుకని అరగవు?"

కొట్టాయన నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను.

"గట్టి రబ్బరండీ మరి."

వదిన బొటనవేలి గోరు రబ్బరులో గుచ్చింది. దిగలేదు. రిమ్ము ముక్క మీద నీళ్లు పోసి, రబ్బరుతో నొక్కి లాగింది. జర్రున జారిపోయింది. ఎర్రటివి, పొడుగ్గా ఉన్నవి ఇంకో రకం చూపిస్తే వాటితోనూ అదే పని. కొట్టు ముందు ఇద్దరు ముగ్గురు చేరారు. ఇంత చదువుకున్న మనిషి ఇనపముక్కకి నీళ్లు పోసి రబ్బరు రుద్దుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అరగనిది నాకొద్దండీ," అంది చివరికి. "అరిగేది ఇవ్వండి. పెన్సిలు రాతని చెరిపే రబ్బరు చూడండి, అది అరుగుతూనే పని చేస్తుంది. రబ్బరు తను అరగకుండా చక్రాన్నేం ఆపుతుంది?"

ఆయన నిచ్చెనెక్కి పైఅర మీంచి దుమ్ముపట్టిన డబ్బా ఒకటి దింపాడు. "మెత్తరకం మేడం. తొందరగా అరుగుతయ్యని ఎవరూ తీసుకోట్లేదు. తర్వాత నన్ననొద్దు." వాటిలో గోరు దిగింది. తడి రిమ్ము మీద నొక్కి లాగితే బర్రుమని పట్టుకుంది. నన్ను కూడా లాగి చూడమంది. లాగాను. నిజంగానే పట్టుకుంది, ఆ సంగతి అప్పుడే ఒప్పుకోవడం నాకు ఇష్టంలేకపోయింది.

ఇంటికొచ్చి బిగించాక, గేటు ముందు వాలు మీద నీళ్లు చల్లి నన్ను సైకిలు ఎక్కమంది.

"నేనెందుకు?"

"బరువు కావాలి."

ఇలాంటి మాటలు మొహం మీద అనేసి ఆవిడ హాయిగా ఉండగలదు. నేను ఎక్కాను. మొదటిసారి కంగారులో ఒక్కసారిగా బ్రేకు నొక్కేసరికి, సైకిలు కొంచెం జారి గోడని ముద్దుపెట్టుకుంది. "అలా కాదు. వాలు మొదట్లోనే మెల్లిగా పట్టుకుని వదులు. రబ్బరు రిమ్ము మీద తడి తుడుస్తుంది. ఆ తర్వాత గట్టిగా పట్టు," అంది. అలాగే చేశాను. వాలు మధ్యలో, గీత గీసినట్టు ఆగింది. పై వాటా కిటికీలోంచి మా ఆయన చప్పట్లు కొట్టాడు. నాకు ఎంత గర్వం వేసిందంటే, ఎవరూ అడక్కుండానే ఇంకోసారి దిగి చూపించాను.

సైకిలు సిద్ధమైంది కానీ ఫిలిప్‌ని ఒప్పించడం మిగిలే ఉంది. దానికి వదిన మాటలు పనికిరావని ఆవిడకి తెలుసు. ఆయనకి నిజం చెప్పాలి, ఆ నిజం చెప్పాలంటే అత్తగారి పేరు ఎత్తాలి. ఏం చేయాలో తోచక రెండు రోజులు సైకిలు చుట్టూ తిరిగింది.

ఆదివారం పొద్దున్న మా అమ్మ జరీ అంచు చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. "పదండి వాళ్లింటికి," అంది. మా అమ్మ ఎప్పుడూ ఆ ఊరు వెళ్లలేదు. ఫిలిప్ వాళ్లుండే పేటకైతే అసలే వెళ్లలేదు. మా అమ్మ కాలంలో అలా వెళ్లడం ఉండేది కాదు. అందులో ఆవిడ కాలం తప్పెంతో ఆవిడ తప్పెంతో నేను తేల్చలేను. ఆ రోజు మాత్రం షేరాటోలో నా పక్కన నిటారుగా కూర్చుని వచ్చింది. వదిన దీవెనకిచ్చిన సైకిలు మీద వెనకాల వస్తోంది. సన్నగా తుంపర పడుతోంది.

వాళ్లు ప్రార్థన ముగించుకుని అప్పుడే గుడి నుంచి వచ్చారు. దీవెన మణికట్టుకి ఇంకా గుడ్డకట్టు ఉంది. కుర్చీ వేస్తే మా అమ్మ కూర్చోలేదు. తెరేసమ్మ ఎదురుగా వెళ్లి నిలబడింది.

"తప్పు సైకిల్ది కాదమ్మా. మా కోడలిది కాదు, మీ పిల్లది అసలే కాదు. మెరవాలని చక్రాలకి నూనె పూసింది నేను. ఆ చెయ్యి నా మూలాన బెణికింది," అంది. ఒక్క మాట కూడా మింగలేదు. జన్మలో మొదటిసారి, ఈవిడ మా అమ్మ అని గట్టిగా అరిచి చెప్పాలనిపించింది నాకు.

"అయ్యో, పెద్దవాళ్లు, కావాలని చేశారా అండీ," అంటూ తెరేసమ్మ మా అమ్మ చెయ్యి పట్టుకుంది. ఫిలిప్ మాత్రం మెత్తబడలేదు. బయటికి వెళ్లి తడిసిన ర్యాంపుని, సైకిల్ని మార్చి మార్చి చూశాడు.

"మీరు దిగి చూపిస్తే నాకు చాలదండీ మేడంగారూ. నేనే ఎక్కుతా. పాప బరువుకి కాదు, నా బరువుకి ఆగాలి."

"ఎక్కండి," అంది వదిన. వాలు మొదట్లోనే మెల్లిగా పట్టి వదలమని, మలుపుకి ముందు గట్టిగా పట్టమని చెప్పింది. దొరికిన ఒక్క అవకాశం ఇది. ఇది పోతే ఆ పిల్ల కాలేజీ పోయినట్టే.

ఫిలిప్ కట్టెక్కి, లుంగీ పైకి కట్టి, సైకిలెక్కి దిగాడు. మలుపుకి బాగా ఇవతలే ఆగింది. మళ్లీ పైకి తోసుకెళ్లాడు. ఈసారి తెరేసమ్మని పిలిచి వెనక క్యారియర్ మీద కూర్చోమన్నాడు. "నీకేమన్నా పిచ్చా? గుడికి కట్టుకెళ్లిన కోక ఇది," అని తిడుతూనే ఆవిడ ఎక్కింది. ఇద్దరూ దిగారు. రబ్బర్లు బర్రుమన్నాయి. తెరేసమ్మ కళ్లు మూసుకుంది. సైకిలు మలుపు దగ్గర ఆగింది. ఆవిడ కళ్లు తెరిచి అరటితోట ఇంకా దూరంగానే ఉందని చూసుకుని దిగింది.

ఫిలిప్ రబ్బర్ల దగ్గర కూర్చుని వేలితో తడిమాడు. "మెత్తగున్నయ్యండీ. తొందరగా అరిగిపోవా?"

"అరుగుతాయి ఫిలిప్‌గారూ. అరగాలి. అరిగినప్పుడల్లా మార్చాలి. ఎలా మార్చాలో దీవెనకి నేర్పుతాను."

ఆయన లేచి హ్యాండిలు కూతురి వైపు తిప్పాడు. దీవెన కట్టుని కొంచెం వదులు చేసుకుని పైకి తోసుకెళ్లింది. అందరం కింద నిలబడ్డాం. పిల్ల బయలుదేరింది. మెల్లిగా పట్టింది, వదిలింది. మేమందరం మలుపు వైపే చూస్తున్నాం. ఆ పిల్ల అక్కడిదాకా రానేలేదు. వాలు నడిమధ్యలో, ఎవరూ ఆగమనని చోట, ఆపేసింది. ఒక కాలు నేల మీద పెట్టి, కింద నిలబడ్డ వాళ్ల నాన్నని చూసి గంట కొట్టింది. కాసేపు అక్కడే నిలబడి, మళ్లీ కదిలి నిదానంగా దిగి వచ్చింది.

మా వదిన కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. తుంపర కదా అంది. నేను ఊ అన్నాను.

"రేపు పొద్దున్నే గాలి చూసుకుని బయలుదేరమ్మా," అన్నాడు ఫిలిప్. ఆయన అన్నదింతే.

దీవెన కాలేజీకి సైకిలు మీదే వెళ్లింది. ఇంటర్ మొదటి సంవత్సరం మంచి మార్కులతో దాటింది. ఇప్పుడు కట్ట మీద ఆ పిల్ల వెనకాల ఇంకో ముగ్గురు ఆడపిల్లలు సైకిళ్ల మీద వెళ్తున్నారు. బ్రేకు రబ్బర్లు మార్చడం వాళ్లకి దీవెనే నేర్పింది. తన పాఠం మూడో చేతికి అందిందని మా వదిన స్టాఫ్ రూములో చెప్పుకోదు. నేను బ్యాంకులో నా కౌంటరు ముందు నిలబడ్డవాళ్లకి చెప్తుంటాను. మా అమ్మ కూతుర్ని మరి.

ఈ దసరాకి దీవెన సైకిలేసుకుని మా ఇంటికి వచ్చింది. మా అమ్మ వరండాలో పూజకి సర్దుకుంటోంది. సైకిల్ని చూడగానే కొబ్బరినూనె గిన్నె తీసి గబుక్కున వెనక్కి పెట్టేసింది. దీవెన బ్యాగులోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. అందులో అరిగిపోయి రేకు తేలిన బ్రేకు రబ్బర్లు ఉన్నాయి.

"ఇయ్యి మీరు పెట్టించినయ్యే మేడం. మొన్నే మార్చా," అని వదినకి ఇచ్చింది. వదిన వాటిని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. రెండు వైపులా సమానంగా అరిగాయా లేదా అనే చూసి ఉంటుంది. అరిగాయి. మా అమ్మ చెయ్యి చాపి వాటిని తీసుకుని, పళ్లెంలో వదిన కొత్త సైకిలు తాళంచెవి పక్కన పెట్టి, బొట్టు పెట్టింది.

దీవెన వరండాలో మా అమ్మ ముందు వీపు తిప్పి కూర్చుంది. జడ విప్పుకుంటూ అంది: "ఆ నూనె ఎందుకు దాస్తారు మామ్మగారూ, చక్రానికొద్దు గానీ, నా తలకి రాయండి."